అడుగంటే పాలు

డాక్టర్ పురుషోత్తం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్ళద్దాలు తుడుచుకుని, "పదండి, అలా వెళ్ళొద్దాం" అంటారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మా అందరి చెప్పులూ అలాగే అరిగాయి.

ఒకనాడు నాతోపాటు పని నేర్చుకుంటున్న డాక్టర్ హిమజ అడిగింది: "సార్, సైనస్ ఆపరేషన్ చేశాక కూడా ఎవరి బాధ తగ్గదో ముందే చెప్పగలమా?"

ఆ అడగడంలో కాస్త గర్వం లేకపోలేదు. కోవా చేసే కోటిలింగం విషయంలో ఆమె అన్నట్టే జరుగుతోంది మరి. అతనికి ఉబ్బసం ఉంది. ముక్కులో కండ ఒకసారి తీయించుకుంటే మళ్ళీ పెరిగింది. పాలు మాడే వాసన తెలియక వాయి తర్వాత వాయి పాడుచేసి, చివరికి తెడ్డు భార్య సుభద్ర చేతికిచ్చి కౌంటర్లో కూర్చున్నాడు పాపం. రెండో ఆపరేషన్ గురువుగారే చేశారు, బాగానే అయింది. కానీ ఇంటికి పంపేటప్పుడు హిమజ అతనితో, "ఇది మీకు మళ్ళీ వచ్చేలానే ఉంది" అనేసింది. ఆ తర్వాత అతను ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. ముక్కు మళ్ళీ బిగుసుకుపోతోందని కబురు మాత్రం వచ్చింది.

గురువుగారు ఆమెను కోటిలింగం కొట్టుకు తీసుకెళ్ళారు. నేనూ వెంటపడ్డాను. ఆయన సుభద్రను అడిగి తెడ్డు తీసుకుని, బాండీలో పాలు కాసేపు తిప్పారు. సరిగ్గా పాలు చిక్కబడే వేళకు తెడ్డు వదిలేసి చేతులు కట్టుకున్నారు.

"ఈ పాలు అడుగంటుతాయి. ముందే చెబుతున్నాను."

"అయ్యయ్యో, తిప్పండి బాబూ!" అని సుభద్ర కేకేసింది. హిమజ ఒక్క అంగలో వచ్చి తెడ్డు అందుకుని గబగబా తిప్పసాగింది.

"అంటుతాయని చెప్పాను కదమ్మా. ఇంకా కంగారెందుకు?"

"చెప్పేసి చేతులు కట్టుకుంటే ఎలా సార్?" అంది హిమజ. అనేసి కౌంటర్ వైపు చూసింది. తెడ్డు మాత్రం ఆపలేదు.

కాసేపటికి కోటిలింగాన్ని అడిగింది, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటున్నారా అని.

"ఎందుకండీ? ఎలాగూ తిరిగొస్తుందని మీరే అన్నారుగా. మానేశాను."

హిమజ ముఖం చిన్నబోయింది. "రేపు పొద్దున్నే రండి. రాకపోతే నేనే వస్తాను" అంది.

అతను రాలేదు, ఈవిడే వెళ్ళింది. దగ్గరుండి ముక్కు కడిగించింది, ఉబ్బసం మందు మార్పించింది, వారం వారం పిలిపించి చూసింది. "ఈ డాక్టరమ్మ వదిలేలా లేదే" అని కోటిలింగం విసుక్కునేవాడు. నిజంగానే వదల్లేదు.

చలికాలం వెళ్ళాక ఒకరోజు కౌంటర్లోంచే అతను అరిచాడట: "సుభద్రా, తిప్పవే, అంటుతోంది!"

సుభద్ర తెడ్డు వదిలేసి ఏడ్చింది. ఆ వాయి కాస్తా మాడిపోయింది. ఆ మాడు కోవానే పొట్లం కట్టి ఆసుపత్రికి పంపారు.

హిమజ పొట్లం పట్టుకుని గురువుగారి దగ్గరికి పరుగెత్తింది. "సార్, నా అంచనా తప్పింది!" కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నారు.

"తప్పలేదమ్మా. పనికొచ్చింది."