గుర్రం దిగని రాజు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా బోసినోళ్లతో పాకుతున్న రోజుల్లో, గువ్వలపేట అనే పల్లె ఉండేది. ఊ కొట్టండర్రా, గోడకి చెబుతున్నానా?

ఆ పల్లెలో ఒక కట్టుబాటు. పరాయి దేశపు కథకుడు వస్తే, కథ సాగినన్నాళ్లూ ఊరి చుట్టం. కథ చివర మంగళం పాడాడా, మూట సర్దుకోవాలి. చుట్టానికి గంజి పోసే పని నీలమ్మది.

ఒకనాడు ఒడియా దేశం నుంచి బనమాలి వచ్చాడు. చంకలో ఒంటితీగ వాయిద్యం, నోట్లో వంకర తెలుగు. వాయించేదీ వాడే, పాడేదీ వాడే. రాజూ వాడే, రాణీ వాడే, ఆఖరికి గుర్రమూ వాడే! వాడు సకిలిస్తే కొట్టంలో ఎడ్లు బెదిరిపోయేవి.

వాడి కథలో, తప్పిపోయిన కూతురి కోసం ఒక రాజు గుర్రమెక్కాడు. వానలొచ్చాయి, రాజు గుర్రం దిగలేదు. కోతలయ్యాయి, రాజు గుర్రం దిగలేదు. నీలమ్మకి మనవడు పుట్టాడు. అబ్బే, రాజు గుర్రం దిగలేదు! కూతురున్న కోట కనబడగానే నది అడ్డం వచ్చేది. నది దాటితే పులి. పులి చస్తే దాని పెళ్లాం ఏడుపు.

నీలమ్మకి ఒళ్లు మండిపోయింది. గంజి ముంత ఠపీమని పెట్టింది.

"ఒరే బనమాలీ, నీకు పుణ్యముంటుంది, ఆ రాజుని దింపరా! గుర్రానికైనా నడుం విరగదూ?"

"రేపు దింపుతానప్పా."

"నీ రేపు పాడుగాను! నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. ఎందుకు దింపవో చెప్పు."

బనమాలి తల వంచుకున్నాడు. "దింపితే మంగళం పాడాలి. పాడితే పోవాలి. మా ఊరిని ఉప్పెన ఎత్తుకుపోయింది. ఎక్కడికి పోనప్పా?"

నీలమ్మకి గుండె కలుక్కుమంది. ఆపైన కోపం ఇంకా పెరిగింది. "ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అంటూ ఇంకో గరిటె పోసింది.

మర్నాటి నుంచి కథ కోట దగ్గరికొస్తే తనే అరిచేది. "ఆగరా, నది మరిచిపోయావు!"

ముసలివాడై బనమాలి కన్నుమూశాడు. పెద్దలు చేరి, "మంగళం పాడి సాగనంపుదాం" అన్నారు.

నీలమ్మ కర్ర పట్టుకుని లేచింది. "ఎవడ్రా పాడేది? వీడెక్కడికీ పోడు! బతికినన్నాళ్లూ నా ప్రాణం తోడేశాడు, చచ్చీ తోడేస్తున్నాడు. వీడు ఈ ఊరివాడే!" ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఎవరూ పాడలేదు. తమ వాళ్ల పక్కనే పూడ్చుకున్నారు.

ఇప్పటికీ ఆ పల్లెలో కథకి మంగళం పాడరు. దిక్కులేనివాడెవడైనా వచ్చి గుమ్మంలో నిలబడితే, గంజి ముంత ఠపీమని ముందు పెట్టి, "రాజింకా గుర్రం దిగలేదులే, కూచో" అంటారు.