తాయారు చేసిన కోతి ఆట

కౌముది వచ్చింది గానీ కూర్చోలేదు. చెప్పులు విప్పిందో లేదో మొదలెట్టేసింది.

"మామ్మా, శనివారం నేను వెళ్ళట్లేదు. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేస్తాను. ఇది నా వల్ల కాదు."

వాళ్ళంటే విశాఖలో పిల్లల కోసం కంప్యూటర్ ఆటలు చేసే ఓ చిన్న కంపెనీ. సొంతంగా రాసిన ఆటొకటి తెచ్చి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం. బట్టల కొట్టులో బిల్లులు కొట్టే ఈ పిల్ల ఆరు నెలలుగా అందుకోసమే మా ఇంటికొస్తోంది, మా ఆవిడ దగ్గర నేర్చుకోవడానికి.

మా ఆవిడంటే తాయారు. డెబ్భై రెండేళ్ళు. మనవలున్నారు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. కంప్యూటర్లో ఆటలాడుతుంది, అలాంటివి ఎలా రాయాలో చెప్తూ వీడియోలు పెడుతుంది. ఫోన్ పట్టుకుని అవి తియ్యడం నా ఖర్మ. చెయ్యి కాస్త వణికితే చాలు, చూసేవాళ్ళందరి ముందూ నన్ను తిడుతుంది. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి, ఇప్పుడు వీధిలో అందరూ 'తాయారమ్మగారి కెమెరామేన్' అంటున్నారు!

"ఏమైందే?" అంది తాయారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

కౌముది రాసింది ఏడుపెంకులాట. బంతి విసిరితే పెంకులు పడాలి. పడట్లేదు. బంతి పెంకుల్లోంచి దూరి అవతలికి పోతోంది. అది సరిచేస్తే పెంకులు గాల్లో నిలబడుతున్నాయి. అదీ సరిచేస్తే మొత్తం ఆటే ఆగిపోతోంది.

"ఒకటి దిద్దితే ఇంకోటి మామ్మా! అన్నం కూడా సయించట్లేదు. నాకు బుర్ర లేదు, అంతే."

గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది. ఫోన్ తీసింది, మళ్ళీ సంచిలో పడేసింది. చూస్తున్న నాకే కళ్ళు తిరిగాయి.

తాయారు నాలుగు మంచి మాటలు చెప్తుందనుకున్నాను. నేనైతే అరగంట చెప్పేవాణ్ణి. ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచి, ఆటలాడే రిమోట్ తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

"కొత్తగా చేశాను. ఆడి చూడు."

"ఇప్పుడా మామ్మా?"

"మరెప్పుడు?"

ఓ కోతి తాటిచెట్టు మీంచి తాటిచెట్టు మీదికి గెంతాలి. కింద కాలవ. ఆఖరి చెట్టు మీద కల్లుకుండ. అది ఆట కాదండీ, కక్ష. నేనింతవరకు మూడో చెట్టు దాటలేదు.

కౌముది నిలబడే మొదలెట్టింది. కోతి కాలవలో పడింది. మళ్ళీ నొక్కింది. పడింది. "ఛ!" అంది. మళ్ళీ నొక్కింది. కాసేపటికి కుర్చీ లాక్కుంది. "ఆగు, ఆగు, ఇక్కడ కాస్త ఆగి గెంతాలి" అని తనలో తనే అనుకుంటోంది. పడ్డప్పుడల్లా పకపకా నవ్వుతోంది. నేను పెట్టిచ్చిన కాఫీ చల్లారిపోయింది, దాని వంక కూడా చూడలేదు.

చివరికి కోతి కల్లుకుండ అందుకుంది. పిల్ల కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"అందింది మామ్మా!"

"ఎన్నిసార్లు పడ్డావే?"

"ఏమో! ఎవరు లెక్కపెట్టారు?"

"నీ ప్రోగ్రాంలో ఎన్ని తప్పులొచ్చాయి?"

"ముప్పై ఏడు."

టక్కున అనేసింది. అనేసి, చేతిలో ఉన్న రిమోట్ వంక చూసుకుంది.

తాయారు ఇంకొక్క ముక్క మాట్లాడితే ఒట్టు. వెళ్ళి చిక్కుడుకాయల ముందు కూర్చుంది.

కౌముది సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఏదో మార్చింది. బంతి విసిరింది. తెరంతా ఎర్రక్షరాలు, అంటే మళ్ళీ తప్పే. పాపం, పిల్ల మళ్ళీ మొదటికొస్తుందనుకున్నాను.

ఓదారుద్దామని లేవబోయాను. తాయారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండండి. పిల్ల ఆడుకుంటోంది."