పదమూడో ఎక్కం

కౌముదికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. నార్వేలో చదివి, అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసి, సంగీతంతో రోగుల్ని తేర్చడం నేర్చుకుని వచ్చిన తనని, ఇక్కడి సంఘం మళ్ళీ ఒకరి దగ్గర శిష్యురాలిగా కూర్చోమంటోంది.

సంగీత చికిత్సకుల సంఘం అంటే పెద్ద సంఘమేమీ కాదు. సభ్యులందరూ కదిలివస్తే పెళ్ళిభోజనాల్లో ఒక పంక్తి నిండుతుంది. కానీ సంఘం అన్నాక నిబంధన తప్పదు. ముగ్గురు మనుషులు కలిసి సంఘం పెట్టుకున్నాక మొట్టమొదట ఆలోచించేది నాలుగోవాణ్ణి ఎలా రానివ్వాలా అని. అందులో తప్పు పట్టడానికీ లేదు. రోగి మంచం దగ్గరికి ఎవర్ని పడితే వాళ్ళని పంపలేరు కదా.

విదేశంలో చదివినవాళ్ళు ఇక్కడ ఏడాదిపాటు ఒక పెద్ద సభ్యుడి పక్కన పనిచెయ్యాలి. ఆ పెద్దాయన అవసరం లేదంటే ఆ ఏడాది మాఫీ. అదీ నిబంధన. సభ్యత్వం చేతికొచ్చేదాకా ఏ రోగి దగ్గరా ఒంటరిగా కూర్చోవద్దని కాకినాడలో ఆమెని చేర్చుకున్న ఆసుపత్రివాళ్ళు కూడా చెప్పేశారు.

సంఘం ఆమెకి చూపించిన పెద్ద సభ్యుడు పేర్రాజు మాస్టారు.

మాస్టారికి ఎనభై దాటాయి. వయసులో ఉండగా కచేరీల్లో వయొలిన్ పక్కవాద్యం వాయించేవారు. పక్కవాద్యం వాళ్ళ గురించి లోకం పెద్దగా చెప్పుకోదు గాని, పాడేవాడు ఎటు పోతాడో వాడికంటే ముందే కనిపెట్టాల్సింది వాళ్ళే. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన కచేరీలు మానేసి ఆసుపత్రులకి రావడం మొదలుపెట్టారు. అప్పటికి సంఘం లేదు. సంఘం పుట్టాక, ఈయన్ని చేర్చుకోకపోతే బాగుండదని చేర్చుకున్నారు. ఈ విద్యలో ఆయనకి డిగ్రీ అంటూ ఏదీ లేదు. ఆ సంగతి కౌముదికి తెలుసు. తెలియకపోతే ఇంత బాధ ఉండేది కాదేమో.

"మాస్టారూ, మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు," అంది ఆసుపత్రి వరండాలో. "చిన్నప్పట్నించీ వీణ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఈ చదువు. ఇప్పుడు తిరిగి ఓనమాలు దిద్దమంటే ఎలా చెప్పండి?"

"ఓనమాలు నేనెక్కడ చెప్పగలనమ్మా. సగం మరిచిపోయాను."

"నవ్వులాటకి కాదండీ. మీరొక్క మాట రాస్తే నాకు ఏడాది కలిసొస్తుంది. అమ్మానాన్నలకి నేను ఇక్కడ డాక్టర్లతో సమానంగా పనిచేస్తున్నానని చెప్పుకున్నాను. ఇంకొకళ్ళ వెనకాల నిలబడి చూస్తున్నానని ఏ మొహంతో చెప్పను?"

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"రాస్తాను. రాయడానికేముంది. ముందు ఒక పేషెంటుని చూద్దాం పద. చూశాక నువ్వేం రాయమంటే అది రాస్తాను."

కౌముదికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారి తన పని చూస్తే ఈ పెద్దాయన ఇంకేమీ అడగరని ఆమెకి నమ్మకం.

గదిలో మంచం మీద దమయంతి టీచరు పడుకుని ఉన్నారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. కాలు కాస్త కాస్త కదులుతోంది. మాట మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. మంచం పక్కన ఆమె భర్త సూర్యభాస్కరం గారు బత్తాయి ఒలుస్తున్నారు.

"కాపురానికొచ్చిన దగ్గర్నించీ నన్ను నోరెత్తనివ్వలేదండి," అన్నారాయన, ఎవరూ అడక్కుండానే. "ఇప్పుడు ఇల్లంతా నాదే. ఏం మాట్లాడాలో తోచడం లేదు."

కౌముది ఆయనకి నెమ్మదిగా చెప్పింది. మాటకి మెదడులో ఉన్న చోటు దెబ్బతిన్నా, పాటకి ఉన్న చోటు చాలామందిలో మిగిలే ఉంటుంది. పాట చెయ్యి పట్టుకుని మాట బయటికి వచ్చిన సందర్భాలు తన కళ్ళతో చూసింది.

"టీచరుగారికి ఇష్టమైన పాటలేమిటండీ?"

"పాటలా?" సూర్యభాస్కరం గారు బత్తాయి తొన పట్టుకుని ఆలోచించారు. "రేడియో పెడితే కట్టెయ్యమనేదండి. పెళ్ళిచూపుల్లో మా అమ్మ పాట పాడమంటే, రాదని చెప్పి లేచి లోపలికి వెళ్ళిపోయింది. అది చూసే చేసుకున్నాను."

కౌముది నార్వే నించి తెచ్చుకున్న చిన్న తంత్రీవాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ముందు టీచరుగారి ఊపిరి గమనించింది. ఆ ఊపిరి నడకకే తీగలు మీటింది. తర్వాత ఏ తెలుగింట్లో పుట్టినవాళ్ళకైనా తెలిసిన ఒక జోలపాట ఎత్తుకుంది.

గొంతు మంచిది. చదువు మంచిది. అటుగా పోతున్న నర్సు గుమ్మంలో ఆగిపోయింది. సూర్యభాస్కరం గారు కండువాతో కళ్ళొత్తుకున్నారు. ప్రతి చరణం చివరా కౌముది ఆఖరి మాట పాడకుండా ఆపి, దాన్ని టీచరుగారు అందుకోవడానికి ఖాళీ వదిలింది. చికిత్సలో అదొక పద్ధతి.

టీచరుగారు గోడ వైపు తిరిగిపోయారు.

కౌముది శ్రుతి తగ్గించి, ఇంకా నెమ్మదిగా పాడింది. ఈసారి టీచరుగారు ఎడమచేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

తీగల మీద కౌముది వేళ్ళు ఆగిపోయాయి. పరీక్షలో తప్పిన పిల్ల ఇంటికొచ్చి గుమ్మం దగ్గర ఆగినట్టు అలాగే కూర్చుండిపోయింది. ఆమెకప్పుడు మాఫీ సంగతి గుర్తు లేదు. దుప్పటి కింద ఒక మనిషి తన పాట వినలేక దాక్కుందన్నదే కళ్ళముందు ఉంది.

కిటికీ పక్కన కునుకుతున్నట్టు కూర్చున్న మాస్టారు లేచారు.

"టీచరుగారు పిల్లలకి ఏం చెప్పేవారండీ?"

"ఆయ్, లెక్కలండి."

"కొట్టేవారా?"

"కొట్టే అవసరం ఉండేది కాదండి," అన్నారు సూర్యభాస్కరం గారు. "చూసేది."

మాస్టారు మంచం కింద నించి పొట్టి స్టూలు లాగి, దాని మీద కూర్చున్నారు. కూర్చుంటే ఆయన తల మంచం ఎత్తుకి వచ్చింది. చేతులు కట్టుకున్నారు. ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుతూ మొదలుపెట్టారు.

"పదమూడొకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు."

ఎక్కాలకి ఒక బాణీ ఉంది. ఎవరు కట్టారో తెలియదు. ఏ రాగమో ఏ విద్వాంసుడూ చెప్పలేడు. భోజనాల తర్వాత నిద్ర ముంచుకొచ్చే వేళ, బడిలో ఉన్న పిల్లలందరూ కలిసి ఆ బాణీలో చదువుతుంటే, వీధిన పోయేవాడి అడుగు కూడా దానికి తగ్గట్టు పడేది. అందులోని లెక్క మరిచినవాళ్ళున్నారు గాని బాణీ మరిచినవాళ్ళు లేరు.

కౌముదికి సిగ్గుగా అనిపించింది. అంత చదువుకున్న పెద్దావిడ ముందు ఈ ఎక్కాలేమిటి?

"పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది. పదమూడు నాలుగులు యాభై నాలుగు."

దుప్పటి కదిలింది.

"పదమూడు నాలుగులు," అని మాస్టారు అక్కడే ఇంకోసారి చదివారు, "యాభై నాలుగు."

టీచరుగారు దుప్పటి తీసేశారు. గోడ వైపు నించి ఇటు తిరిగారు. తిరిగి, చూశారు. ఆ చూపు తనకి కాకపోయినా సూర్యభాస్కరం గారు కూర్చున్నచోటే నిటారుగా సర్దుకున్నారు. మాస్టారు తల వంచుకున్నారు.

టీచరుగారి పెదవులు ఒక పక్కకి లాగాయి. గొంతులో ఏదో గరగరమంది. ఎడమచెయ్యి మంచం మీద ఒక దెబ్బ వేసింది.

"యాభై..." అంది ఆ గొంతు, అదే బాణీలో. చాలాసేపు అక్కడే నిలిచి, ఎత్తలేని బిందె ఎత్తుతున్నట్టు, "రెండు."

సూర్యభాస్కరం గారి చేతిలోంచి బత్తాయి తొక్కలు కిందపడ్డాయి. ఆయన వాటిని ఏరుకునే మిషతో వంగి, ఎంతకీ లేవలేదు.

మాస్టారు నవ్వలేదు. పొగడనూ లేదు. "యాభై రెండండి, టీచరుగారూ," అని ఒప్పుకుని ముందుకి సాగారు. అయిదుల దగ్గర టీచరుగారి పెదవులు ఆయనతో పాటు కదిలాయి. ఆర్ల దగ్గర సగం మాట వినపడింది. ఏళ్ళ దగ్గర ఇద్దరి గొంతులూ కలిశాయి.

"పదమూడెనిమిదులు..." మాస్టారు క్షణం తటపటాయించారు. "నూట ఆరు."

"నూట నాలుగు."

ఈసారి ఆలస్యం లేదు. చెయ్యి కూడా లేవలేదు. ఆమె ఆయన్ని కాసేపు చూసి, బాణీ లేకుండా, మామూలుగా మనుషులు మాట్లాడుకునే గొంతుతో ఇంకొక మాట అంది.

"మళ్ళీ."

"ఇంట్లోనూ ఇదే మాటండి," అన్నారు సూర్యభాస్కరం గారు మంచం కింద నించి. "కాఫీ బాగోకపోయినా ఇదే మాట."

మాస్టారు చేతులు సరిగ్గా కట్టుకుని మొదటికి వెళ్ళారు. "పదమూడొకట్లు పదమూడు..."

ఎక్కం పూర్తయ్యాక మాస్టారూ కౌముదీ వరండాలోకి వచ్చారు. స్టూలు మీద కూర్చోవడంతో మాస్టారి మోకాళ్ళు పట్టేశాయి. కౌముది చెయ్యి అందిస్తే పట్టుకుని నడిచారు. మెట్ల దగ్గర ఆగారు.

"ఇంతకీ ఏం రాయమంటావమ్మా?"

కౌముది ధ్యాస ఇంకా ఆ ఎక్కం మీదే ఉంది.

"మాస్టారూ, మీరు కావాలనే తప్పు చదివారు కదూ?"

"నాలుగుల దగ్గర కావాలనే చదివాను."

"ఎనిమిదుల దగ్గర?"

"ఎనిమిదుల దగ్గర నిజంగానే తప్పాను," అన్నారు మాస్టారు. "చిన్నప్పట్నించీ అక్కడ తప్పుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళకి దిద్దేవాళ్ళు దొరికారు."

ఆ మాట చెప్పి ఆయన ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగడం మొదలుపెట్టారు. కౌముది ఆ చెయ్యి వదలకుండా ఆయన పక్కనే దిగింది. కింద చెయ్యెత్తి ఆటో ఆపింది.

ఆయన ఆటో ఎక్కి కూర్చున్నాక, ఆమె వంగి అడిగింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?"