తాటిదోనెకు వెళ్లిన కబురు

అనగనగా, పిల్లలూ, ఏరు వెళ్లి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉండేది. పోటు వస్తే ఆ అడవిలో చెట్లన్నీ నడుము లోతు నీళ్లలో నిలబడేవి. పోటు తీస్తే బురదలోంచి వేళ్లు పైకి లేచి కనబడేవి. అక్కడ పైడి అనే బావురుపిల్లి ఉండేది. బావురుపిల్లి అంటే మన ఇంటి పిల్లిలా నీళ్లు చూసి పారిపోయేది కాదు. నీళ్లలోకి దూకి చేపలు పట్టుకునే అడవిపిల్లి.

పైడికి ఒక్కగానొక్క స్నేహితుడు నూకయ్య. వాడొక నీటికుక్క. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే మడుగులో ఈత నేర్చుకున్నారు. చేప దొరికితే తల ఒకరు, తోక ఒకరు తినేవారు.

నూకయ్యకు ముత్యాలు అని ఒక చెల్లెలు ఉండేది. ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. ముత్యాలు ఎక్కి కూర్చున్న దుంగ సముద్రంలోకి కొట్టుకుపోయింది. నూకయ్య వెనకాలే ఈదాడు. ఒంట్లో ఓపిక ఉన్నంత దూరం ఈదాడు. చివరికి అల వాణ్ని ఎత్తి ఒడ్డున పడేసింది. ముత్యాలు ఇక లేదనే అందరూ అనుకున్నారు. నూకయ్య మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు.

చాలా కాలం తరవాత, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చిన తాబేలవ్వ ఒక సంగతి చెప్పింది.

"సముద్రానికి అవతల ఒక దీవి ఉంది నాయనా. అక్కడ నీటికుక్కలు ఉండవు. ఒక్కటి మాత్రం ఉంది. ఎప్పుడు చూసినా ఒక రాతి మీద కూర్చుని పడమటి వైపే చూస్తూ ఉంటుంది. పేరేమిటమ్మా అని అడిగితే ముత్యాలు అంది."

నూకయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేను వెళ్తాను" అన్నాడు.

గాలికి పడిపోయిన తాటిచెట్టు ఒకటి ఉంటే, దాని మొదలు తొలిచి దోనె చేశాడు. పైడి తన గోళ్లతో లోపలి గుజ్జంతా గీకి తీసింది. ఇద్దరూ కలిసి తాటాకులతో తెరచాప అల్లారు. ఎండిన ఆనపకాయ బుర్రల్లో ఏటి నీళ్లు నింపారు. సముద్రం నిండా నీళ్లే గానీ తాగడానికి ఒక్క చుక్క పనికిరాదు కదా!

"నేనూ వస్తానురా" అంది పైడి.

"దోనె ఒక్కరినే మోస్తుందే. ఇద్దరెక్కితే ఇద్దరమూ మునుగుతాం" అన్నాడు నూకయ్య. తరవాత మెల్లగా అన్నాడు. "నువ్వు ఇక్కడే ఉండు. పిట్టలతో కబురు పంపుతాను. నువ్వూ పంపుతూ ఉండు. అక్కడ నాకు నీళ్లూ ఆకాశం తప్ప ఏమీ కనబడవు. నువ్వు ఏం చెబితే అదే నాకు లోకం."

పడమటి గాలి పుట్టిన రోజున నూకయ్య బయలుదేరాడు. అడవి అడవంతా ఒడ్డుకు వచ్చింది. కొంగలు, పీతలు, నక్కలు అందరూ వచ్చారు. తాటాకు తెరచాప చుక్కంత అయ్యేదాకా పైడి అక్కడే నిలబడింది.

మొదటి కబురు సముద్రపు కాకి కాకన్న తెచ్చాడు. "ఇసకదిబ్బ దాటేశాడు! పాట పాడుకుంటున్నాడు! రాగం మాత్రం దారుణంగా ఉంది!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. పైడి అందరికంటే ఎక్కువ నవ్వింది.

రెండో కబురు ఒక కొత్త పిట్ట తెచ్చింది. "ఒక నీళ్ల బుర్ర పగిలిపోయింది. కొన్నాళ్లు దాహంతో ఉన్నాడు. తరవాత వాన కురిసింది. నిద్ర వచ్చినప్పుడు నడుముకు తాడు కట్టుకుని పడుకుంటున్నాడు" అంది. ఈసారి వినడానికి కొద్దిమందే వచ్చారు. ఎవరి పనులు వాళ్లకుంటాయి కదా. పైడి మాత్రం ఆ పిట్ట చేత ఆ మాటలే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

మూడో కబురు తాబేలవ్వ తెచ్చింది. అప్పటికి ఒడ్డున పైడి ఒక్కతే ఉంది.

"నడిసముద్రంలో తుఫాను పుట్టింది తల్లీ. మీవాడు దానికి ముందు ఉన్నాడు. అది ఎటు తిరుగుతుందో ఇంకా తెలియదు" అంది తాబేలవ్వ.

"అయితే వాణ్ని వెనక్కి రమ్మని చెప్పు అవ్వా!" అంది పైడి.

"మబ్బు వాడి నెత్తి మీద ఉంది, మన నెత్తి మీద లేదు. ముందుకు పోవాలో వెనక్కి రావాలో చూసుకోవలసింది వాడే. తుఫాను ఉందని చెబుతాను. అంతకు మించి చెప్పను" అని తాబేలవ్వ నీళ్లలోకి దిగిపోయింది.

ఆ రోజు పైడి చేపల వేటకు పోలేదు. కళ్లు మూస్తే దోనె తిరగబడినట్టే కనబడేది. కళ్లు తెరిస్తే సముద్రం కనబడేది. అదీ భయంగానే ఉండేది. 'రమ్మంటే రాడు. వాడి మొండితనం నాకు తెలియదా? వాడు వెనక్కి తిరిగేది ఒక్క మాటకే' అనుకుంది.

ఆ మాట ఏమిటో దానికి తెలుసు. తెలిసే, కాకన్నను పిలిచింది.

"కాకన్నా, వేగంగా వెళ్లు. ముత్యాలు ఇక్కడికే తిరిగి వచ్చేసిందని నూకయ్యతో చెప్పు. వెంటనే వచ్చేయమను."

కాకన్న సంతోషంతో గాల్లో గిరికీలు కొట్టాడు. "నిజంగానా? ఏదీ? ఎక్కడుంది?"

"పడుకుంది. అలిసిపోయింది" అంది పైడి. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు కావాలి కదా.

కాకన్న నమ్మాడు. రెక్కలు నొప్పెట్టేలా ఎగిరి, తాబేలవ్వ కంటే ముందే వెళ్లాడు. నూకయ్యా నమ్మాడు. ఆనందంతో ఏడ్చాడట. వెంటనే చుక్కాని తిప్పి, దోనె ముక్కును ఇంటివైపు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే తుఫాను కూడా ఇటే తిరిగింది.

మడ అడవిలో పెనుగాలి వీచింది. కొమ్మలు ఫెళఫెళా విరిగాయి. పైడి ఒక వేరును కావలించుకుని ఆ గాలినంతా విన్నది. 'వాడు ఇందులో ఉన్నాడు. నేనే రమ్మన్నాను' అన్న ఒక్క మాటే దాని గుండెలో తిరిగింది.

గాలి తగ్గాక నూకయ్య వచ్చాడు. తెరచాప లేదు. తెరకొయ్య లేదు. సగం మునిగిన దోనెను డాల్ఫిన్లు ముక్కులతో నెట్టుకుంటూ ఏటి మొగకు చేర్చాయి. నూకయ్య ముందరి కాలు ఒకటి విరిగి వేలాడుతోంది. అయినా వాడి మొహం వెలిగిపోతోంది. రెండో కాలితో ఒక ఆనపకాయ బుర్రను గుండెకు హత్తుకుని ఉన్నాడు.

"అన్నీ పోయాయే పైడీ! ఇదొక్కటి వదల్లేదు. మన ఏటి నీళ్లు. ముత్యాలు తాగి ఎన్నాళ్లయిందో కదా! నాకు దాహమేసినా ముట్టుకోలేదు. ఏదీ అది? ఇంకా పడుకునే ఉందా?"

పైడి అబద్ధాన్ని ఇంకొంచెం సాగదీయవచ్చు. వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది అనవచ్చు. చచ్చిపోయింది అనవచ్చు. అవన్నీ దాని నాలుక చివరి దాకా వచ్చాయి. వాడి మొహం చూసి వాటిని మింగేసింది.

"ముత్యాలు రాలేదురా" అంది. "రాలేదు. నేనే అబద్ధం చెప్పి పంపాను. తుఫాను వస్తోందని భయపడ్డాను. నువ్వు ఏమైపోతావో అని..."

నూకయ్య తిట్టలేదు. కొట్టలేదు. ఆ బుర్రను మెల్లగా బురదలో పెట్టాడు.

అప్పుడు అలల్లోంచి తాబేలవ్వ తల పైకెత్తింది. "నువ్వు ముందుకే వెళ్లి ఉంటే తుఫాను నీ వెనక ఉండిపోయేది నాయనా" అంది. అది విని నూకయ్య కళ్లు మూసుకున్నాడు. పైడి తల వంచుకుంది.

కాలు అతుక్కోవడానికి నెలలు పట్టింది. గాలికాలం దాటిపోయింది. వానలు వచ్చాయి, పోయాయి. ఆ రోజులన్నీ పైడి వాడికి చేపలు తెచ్చి పెట్టింది. వాడు తిన్నాడు. కొత్త దోనె తొలుస్తుంటే పక్కన కూర్చుని గుజ్జు గీకింది. వాడు వద్దనలేదు. కానీ ముందులా కబుర్లు లేవు, నవ్వులు లేవు.

మళ్లీ పడమటి గాలి వచ్చింది. దోనె ఎక్కుతూ నూకయ్య ఒక్క మాటే అన్నాడు.

"ఈసారి నాకు కబురు పంపకు పైడీ. నువ్వు ఏం చెప్పినా అది నిజమో కాదో అని ఆలోచిస్తూ కూర్చోవాలి. సముద్రం మీద నాకు అంత తీరిక ఉండదు."

ఆ మాట పైడికి ముల్లులా గుచ్చుకుంది. అయినా "సరేరా" అంది.

అది మాట నిలబెట్టుకుంది. రోజూ ఒడ్డుకు వచ్చేది. పిట్టలు తెచ్చిన కబుర్లు వినేది. మంచివీ వినేది, చెడ్డవీ వినేది. ఒకసారి వాడు జ్వరంతో పడున్నాడని తెలిసింది. ఒకసారి అసలు ఏ కబురూ లేక రోజుల తరబడి గడిచింది. పైడి రాత్రీ పగలూ ఒడ్డునే కూర్చుంది. కానీ నోరు విప్పి ఎవరితోనూ ఏమీ పంపలేదు. భయాన్ని తనలోనే పెట్టుకుని మోసింది. అది ఎంత బరువో అప్పుడే దానికి తెలిసింది.

చివరికి ఒక పొద్దున కాకన్న వచ్చాడు. పైడి అబద్ధం మోయించినప్పటి నుంచి వాడు దానితో మాట్లాడడం మానేశాడు. ఈసారి మాత్రం దగ్గరికి వచ్చి వాలాడు. చాలాసేపు రెక్కలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

"నూకయ్య దీవి చేరాడు" అన్నాడు.

"ముత్యాలు?"

"బాగానే..." అని ఆగిపోయాడు కాకన్న. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వద్దు కాకన్నా. వాడు ఏం చెప్పమన్నాడో అదే చెప్పు" అంది పైడి.

కాకన్న గొంతు తగ్గించాడు. "ముత్యాలు మొన్నటి వానాకాలం దాకా ఉందట. ఆ వానల్లోనే జబ్బు చేసి పోయిందట. రోజూ రాతి మీద కూర్చుని, మా అన్న వస్తాడు అని పీతలతో చెప్పేదట. ఆ పీతలే నూకయ్యకు ఆ రాయి చూపించాయి."

మొదటిసారే వెళ్లి ఉంటే అన్నాచెల్లెళ్లు కలుసుకునేవారు. ఆ సంగతి ఎవరూ పైడికి చెప్పనక్కరలేదు. అది పెద్దగా ఏడవలేదు. నిలబడి, ఆ నిజాన్ని అంతా తీసుకుంది.

"ఇంకో మాట కూడా చెప్పమన్నాడు" అన్నాడు కాకన్న. "వాడు ఇంటికి వస్తాడట. మన ఒడ్డున గాలి ఎలా ఉందో, ఇప్పుడు బయలుదేరవచ్చో లేదో పైడిని కనుక్కో అన్నాడు. పైడి చెబితేనే బయలుదేరతానన్నాడు."

పైడి తలెత్తి చూసింది. వాడు అడిగాడు! మళ్లీ తన మాట కోసం అడిగాడు!

'రారా, వెంటనే వచ్చేయ్' అని దాని ప్రాణమంతా అరిచింది. కానీ అది గట్టు ఎక్కి, మీసాలు గాలికి పెట్టి నిలబడింది. మబ్బులు చూసింది. అలలు వచ్చే దిక్కు చూసింది. తాబేలవ్వను అడిగింది.

అప్పుడు కాకన్నతో ఇలా చెప్పింది. "గాలి ఎదురుగా ఉందని చెప్పు. నీళ్లు కెరటాలెత్తి ఉన్నాయని చెప్పు. ఇప్పుడు రావద్దు. గాలి మళ్లేదాకా అక్కడే ఉండమను. ఎన్నాళ్లయినా సరే ఉండమను."

కాకన్న దానివంక ఒకసారి చూసి, తల ఊపి, తూర్పు వైపు ఎగిరిపోయాడు.

నీతి: దూరాన ఉన్నవాడికి మన మాటే కళ్లు. ప్రేమతో చెప్పినా, భయంతో చెప్పినా, అబద్ధం ఆ కళ్లనే పొడుస్తుంది.