కిలోమీటరు రాయి పక్కన పడుకున్న మాస్టారు

రామతులసికి డ్రైవింగు వచ్చేసింది. అలా ఇలా రావడం కాదు. ఆమె గేరు మారిస్తే ఆ సంగతి ఇంజనుకే తెలిసేది కాదు. ఇండికేటరు వెయ్యకుండా తన వంటింట్లోకైనా మలుపు తిరిగేది కాదు. అయినా నేర్పిన మస్తాన్‌వలి మాస్టారు ఆమెను లైసెన్సు టెస్టుకి పొమ్మనడం లేదు. ఆయన పొమ్మంటే తప్ప ఆమె పోదు.

ఇంట్లో ఆమె కాక మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే. ఆస్పత్రికైనా బజారుకైనా ఒకరి గుమ్మం ముందు నిలబడి బతిమాలే పని ఇక వద్దనుకుని, చేతి గాజులమ్మి పాత కారు కొనుక్కుంది.

మాస్టారు లారీలు తోలి తోలి ముసలైన మనిషి. ఆయన నోరు తెరిస్తే గిద్దలూరులో వాన పడుతుందని చెప్పుకునేవాళ్ళు. అందుకే అక్కడ అంత కరువు.

ఆ సాయంత్రం అడవి రోడ్డు మీద ఆమె ఇక పట్టలేక, తనకింకా ఏం రాదో చెప్పమని అడిగింది.

ఆయన కారు పక్కకి ఆపించాడు. దిగి, కిలోమీటరు రాయి పక్కన మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు.

"లారీ కొట్టేసి పోయింది తల్లీ. కాలికి రక్తం," అని కళ్ళు మూసుకున్నాడు.

రామతులసి మెరుపులా కదిలింది. కారు లైట్లు మిణుకుమనేలా వేసింది. వెనక దూరంగా, వచ్చే బళ్ళకి గుర్తుగా కొమ్మలు విరిచి పడేసింది. ఊపిరి ఆడుతోందో లేదో చూసింది. మెడ కదపలేదు. తువ్వాలు మడతపెట్టి కాలికి అదిమి కట్టింది. నూట ఎనిమిదికి చేసినట్టు ఫోను చెవిన పెట్టుకుని, రాయి మీది నంబరుతో సహా చోటు చెప్పింది.

ఇంతలో మేకలతో పోతున్న ఒకాయన సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. స్పృహ లేని మనిషికి నీళ్ళు పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆమె అడ్డం పడింది.

"పోయే ప్రాణానికి గుక్కెడు నీళ్ళు కూడా దక్కనివ్వవా, మహాతల్లీ," అని ఆయన ఊళ్ళోవాళ్ళందరి తరఫునా తిట్టి, మేకల్ని తోలుకుని పోయాడు.

రామతులసి చేతులు దులుపుకుని, కారుకి ఆనుకుని నిలబడింది. మాస్టారు లేవలేదు. ఏం తప్పిందని మళ్ళీ మొదటినుంచీ గుర్తు చేసుకుంది. ఏమీ తప్పలేదు. మేకల గంటలు వినబడడం మానేశాయి. అడవంతా చెవులు మూసుకున్నట్టుంది.

మొన్న వానాకాలం జ్వరంలో తనకి సెలైను పెట్టిన నర్సమ్మ జ్ఞాపకమొచ్చింది. ఆమె పనిలో కూడా ఏమీ తప్పలేదు. సూది సరిగ్గా గుచ్చింది, చుక్కలు సరిచూసింది, వెళ్ళిపోయింది. ఆ తర్వాత తెల్లవార్లూ గదిలో ఫ్యానొక్కటే తిరిగింది.

రామతులసి వచ్చి మట్టిలో కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"నా పేరు రామతులసండీ. అంబులెన్సు బయల్దేరింది. అది వచ్చేదాకా నేనెక్కడికీ పోను."

మాస్టారు కళ్ళు తెరవకుండానే అన్నాడు. "రేపు టెస్టుకి పో తల్లీ."

"మరి లేవండి మాస్టారూ, పొద్దుగూకుతోంది."

ఆయన ఆమె చెయ్యి వదల్లేదు.

"కాసేపుండు," అన్నాడు.