జమీందారు తలపాగా, మెత్తబడ్డ బ్రేకు

దగ్గరకు జరిగి కూర్చోండి తల్లీ, స్వామిని తలుచుకుని చెబుతున్నా. ఒక జమీందారుగారు తాతలనాటి కారులో కొండమీది గుడికి బయలుదేరారు. డ్రైవరు పోలయ్య చేతులు జోడించాడు.

"దొరా, బ్రేకు తొక్కితే మెత్తగా దిగిపోతోంది. బ్రేకు నూనె గొట్టంలో గాలి చేరింది. అది తీయకపోతే కొండ దిగేటప్పుడు బండి ఆగదు."

"బ్రేకు భేషుగ్గా ఉంది! బండి తీస్తావా, కొలువు మానుకుంటావా?"

"చిత్తం. ముందు తమ తలపాగా ఆ దారిలో పెట్టించండి. వేగంగా వచ్చి దాని ముందు ఆపుతాను."

జమీందారు తలపాగాను రెండు చేతులా పట్టుకున్నారు. "ఓరి నీ అసాధ్యం కూలా! ఆగకపోతే నలిగిపోదూ?"

"తలపాగాకే ఇంత భయపడితే, తల సంగతేమిటి దొరా?"

జమీందారు పకపకా నవ్వేశారు. ఆయనే కూర్చుని బ్రేకు పెడలు తొక్కుతుంటే పోలయ్య చక్రం దగ్గర నూనె గొట్టం మర వదులు చేసి, అందులోని గాలి తీసేశాడు. పెడలు గట్టిపడింది, స్వామి దర్శనం చల్లగా జరిగింది.

తన మాట తప్పు అని తెలియగానే నవ్వి, పనివాడికి సాయంగా కూర్చున్నారే, దొర చేసిన ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి మీవాళ్లకూ చెప్పండి.