రోగి సహకరించలేదు

ఆరేళ్ల మీనాక్షి తలలో గడ్డ ఉంది. అది మొండి రకమా, సాధు రకమా అన్నది తేలాలి. సాధు రకమైతే ఆపరేషన్ చేసి తీసేస్తే చాలావరకు సరిపోతుంది. మొండిదైతే ఆ తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి, ఏడాదిపాటు మందులు ఎక్కించాలి.

కత్తి తగలకుండానే, ఎమ్మారై బొమ్మలు చూసి ఆ తేడా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి డాక్టర్ కిరీటి తయారుచేశాడు. రెండేళ్ల చాకిరీ. అది మొండి రకమంది. పిల్ల కదలడంతో బొమ్మలు కాస్త చెదిరాయి. అందుకు రిపోర్టు కింద అందరూ రాసే మాటే రాశాడు: రోగి సహకరించలేదు.

అతనికి బొమ్మలు చదవడం నేర్పిన హైమవతి మేడమ్ ఆ కాగితం చూసింది.

"వాచీ, బెల్టు, తాళాలు బయటపెట్టు."

"ఎందుకు మేడమ్?"

"వేల తలలు చూశావు. ఆ ఎమ్మారై సొరంగంలో ఎప్పుడైనా పడుకున్నావా?"

పడుకోలేదు. ఇప్పుడు పడుకున్నాడు. ఇనప పీపాలో కుక్కి బయటినుంచి సుత్తితో బాదుతున్నట్టు మోత. మూడో నిమిషంలో ముక్కు దురద. నాలుగో నిమిషంలో తల కదిలిపోయింది.

బయటికొచ్చేసరికి మేడమ్ అతని బొమ్మల్ని అతని ప్రోగ్రాంకే ఇచ్చింది. తెరమీద జవాబు: మొండి గడ్డ, నూటికి ఎనభై ఒక్క పాళ్లు.

కిరీటి మొహం పాలిపోయింది.

"నీ తలలో ఏమీ లేదులే. నేను చూశాను," అని, ఆ రిపోర్టు కింద రెండు మాటలు రాసి చేతికిచ్చింది. అవే మాటలు.

కిరీటి పిల్లల వార్డుకి వెళ్లాడు. మీనాక్షికి వాళ్లమ్మ ఇడ్లీ తినిపిస్తోంది.

"లోపల ఎందుకు కదిలావమ్మా? భయమేసిందా?"

"నువ్వే కదా మైకులో 'మీనాక్షీ, కదలకు' అన్నావు. పేరు పెట్టి పిలిస్తే ఎవరా అని చూడొద్దా?"

ఆ మధ్యాహ్నం మళ్లీ బొమ్మలు తీసేటప్పుడు కిరీటి మైకు జోలికి పోలేదు. యంత్రం పక్కనే నిలబడి, మోత ఆగేదాకా పిల్ల పాదం పట్టుకున్నాడు. బొమ్మలు కడిగినట్టు వచ్చాయి. ప్రోగ్రాం ఈసారి మాట మార్చింది.

వాటిని పట్టుకుని దాదాపు పరుగున మేడమ్ గదికి వెళ్లాడు. "సాధు రకమే మేడమ్."

ఆవిడ ఒక్కొక్క బొమ్మా తనూ చూసుకుంది. తల ఊపింది.

"ఎవరు చెప్పారయ్యా?"

ప్రోగ్రాం పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కిరీటి దాన్ని మింగేశాడు.

"మీనాక్షి, మేడమ్."